తడవని సీటు

మోరి గోడకు, కింద బురదకు మధ్యల జానెడు జాగ ఉన్నది. ఆ జాగల తల దూర్చి చూస్తున్నది స్వప్నిక. టైం పదకొండు నలభై. జీన్సు మోకాళ్ల దాంక బురద, మోచెయ్యి గీరుకపోయింది, అయినా ఆమెకు ఆ ఫికర్ లేదు. నాలుగింటికి సాయిలును చేవెళ్ల కోర్టుకు తీస్కపోతరు. ఒక్కసారి రిమాండ్ రాసిన్రంటే బయటికొచ్చుడు ఎప్పుడో ఎవ్వరికి ఎరుక. చేతిల ఉన్నది నాలుగు గంటల ఇరవై నిమిషాలు, అంతే.

పైన రోడ్డు మీద నిలబడి అరుణశ్రీ అడిగింది, ఏమన్న కనబడ్డదా అని.

“గోడకు ఒక్క గీత గూడ లేదు,” అనుకుంట స్వప్నిక పైకి వచ్చింది. “సైకిల్ గుద్దుకొని మనిషి పడితే గోడకు రంగు అంటాలె. మీ బాపు ఇక్కడ పడలే. పడగొట్టిన్రు.”

అరుణశ్రీకి ఇరవై రెండేండ్లు. చేవెళ్లల మెడికల్ షాపుల పని చేస్తది. ఆమె బాపు చెన్నయ్య అదే ఊర్ల నలభై ఏండ్ల సంది సైకిల్ రిపేరు షాపు నడిపిండు. నిన్న సాయంత్రం మొయినాబాద్ తొవ్వలకెళ్లి ఎంకపల్లి పోయే ఈ సందు రోడ్డు మోరిల శవమై దొరికిండు. తల వెనక ఒకటే దెబ్బ. పక్కనే ఆయన సైకిల్. రాత్రికి రాత్రే ఆయన తమ్ముడు సాయిలును పోలీసులు పట్టుకపోయిన్రు. పొద్దున ఏడింటికి అరుణశ్రీ మెహదీపట్నంల ఉన్న స్వప్నిక డిటెక్టివ్ ఏజెన్సీకి ఫోన్ చేసింది. ఏజెన్సీ అంటే పెద్దగ ఊహించుకోవద్దు, స్వప్నిక, ఆమె స్కూటీ, ఒక ఇరుకు రూము.

అమ్మ చిన్నప్పుడే పోతే అరుణశ్రీని పెంచింది అన్నదమ్ములిద్దరు. సాయిలు పెండ్లే చేసుకోలే. చెన్నయ్యకు కొడుకుల్లేరు, దవాఖానల శవం ఇంకా అట్లనే ఉన్నది.

“కొరివి పెట్టాల్సినోడే కొట్టి సంపిండంటున్నరు అక్కా,” అన్నది అరుణశ్రీ. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. “చిన్నబాపు గూడ పోతే నాకింక ఎవ్వరుంటరు?”

ఓదార్చుడు స్వప్నికకు రాదు. నిన్నటి టైములు ఇంకోసారి చెప్పమన్నది. అరుణశ్రీ చెప్పింది. పొద్దున అన్నదమ్ములు కొట్లాడుకున్నరు. అరవై ఆరేండ్ల వయసుల ఆ ఇనుప తుక్కేసుకొని మెయిన్ రోడ్డు మీద తిరుగుతున్నవ్, అది నిన్ను సంపుతది, ఎన్నటికైనా నేనే దాన్ని ఇరగ్గొడ్త అని సాయిలు బజార్ల అరిచిండు. వాడకట్టు మొత్తం విన్నది. రెండున్నరకు చెన్నయ్యకు ఫోనొచ్చింది. మొయినాబాద్ సేటుకు సైకిల్ చూపెట్టొస్త అని రెండు యాభైకి బయలెల్లిండు. మూడున్నరకు ఆకాశం నల్లబడితే, కొట్లాడిన మనిషే రెయిన్‌కోటు పట్టుకొని టీవీఎస్ ఎక్సెల్ మీద అన్న వెనక పోయిండు. అన్న కనబడలేదని తడుసుకుంట ఇంటికొచ్చిండు. ఇదీ కథ.

ఇక్కడ ఆ సైకిల్ సంగతి చెప్పాలె, లేకపోతే కథ ఎక్కదు. విండ్‌మోర్ పాపులర్, 1937. పెద్ద యుద్ధం ముందు ఇంగ్లండుల తయారైంది. పాపులర్ అంటే బీదోళ్ల మోడల్. కంపెనీ ఎక్కడ మిగిలించాలెనో అక్కడ మిగిలించింది. మెరుపు పూత లేదు, రిమ్ములు, హ్యాండిల్ అన్నీ నల్ల రంగే. చైన్ కవర్ లేదు. ముందు బ్రేకు ఒక్కటే. జమీందార్లు కొన్న ఖరీదైన సైకిళ్లను గుడ్డతోటి తుడిచి లోపల పెట్టుకున్నరు, అందుకే అవి ఇయ్యాల గూడ దొరుకుతయ్. ఈ అగ్గువ సైకిళ్లను మాత్రం పాల క్యాన్లేసి, గడ్డి మోపులేసి, ఇరిగేదాంక తొక్కి తుక్కుకేసిన్రు. అందుకే వాటిని ఏరుకునేటోళ్లకు ఇప్పుడు ఇవే బంగారం. చెన్నయ్యది ఆయన నాయిన తొక్కిన బండి. మొయినాబాద్ సేటు దేవదాస్ మూడేండ్ల సంది అడుగుతున్నడు. నడిచే బండిని నిలబెట్టుడు పాపమని చెన్నయ్య ఇయ్యలే.

“రాత్రి శవాన్ని దవాఖానకు గూడ తీస్కపోకముందే ఒకాయన వచ్చిండు,” అన్నది అరుణశ్రీ. “దేవదాస్ సేటు పంపిండట. సైకిల్ జర భద్రం, పోలీసులు ఇచ్చినంక మాకే ఇయ్యిండ్రి అన్నడు. రాఘవేందర్ అట పేరు.”

ఆ పేరు స్వప్నికకు బాగ ఎరుక. గచ్చిబౌలిల అద్దాల ఆఫీసు డిటెక్టివ్. రెండేండ్లు ఆయన దగ్గరనే పని నేర్చుకున్నది. ముందు రిపోర్టు రాసి, తర్వాత దానికి సరిపోయే సాక్ష్యాలు ఎతికే మనిషని తెలిసినంక బయటికొచ్చింది.

“ఫోటోలు సూపెట్టు.”

నిన్న ఆరున్నరకు ఇక్కడికి ఉరికొచ్చినప్పుడు అరుణశ్రీ ఫోన్ల పదకొండు ఫోటోలు తీసింది. ఎందుకు తీసిందో ఆమెకే తెల్వదు, నేరుగ చూడనీకి ధైర్యం చాలక కావచ్చు. స్వప్నిక ఒక్కొక్కటి పెద్దగ చేసి చూసింది. నాలుగో ఫోటో దగ్గర ఆగింది. రిమ్ముల మీద బురద. హ్యాండిల్ మీద నీళ్ల బొట్లు. మడ్‌గార్డు మీద వాన కారిన గీతలు. సీటు మాత్రం బెల్లం రంగుల ఉన్నది. తోలు సీటు. తోలు తడిస్తే నల్లగ అయితది. గంటసేపు కొట్టిన వానల సైకిల్ మొత్తం తడిసింది, సీటు తడవలే.

ఇంకో సంగతి. సైకిల్ ఎడమ పక్కకు పండుకొని ఉన్నది, చైన్ పైకి. పడ్డ సైకిల్ హ్యాండిల్ తిరుగుతది, పెడలు నేలల గుచ్చుకుంటది. ఇది మాత్రం పసిపిల్లను మంచం మీద పండవెట్టినట్టు ఉన్నది.

“మీ బాపు వానొస్తే సీటుకు ఏం చేస్తుండె?”

“అంగీ ఇప్పి కప్పుతుండె. తను తడిసినా మంచిదే అంటుండె.” అరుణశ్రీ అంతల్నే ఆగింది. “కానీ అంగీ ఒంటి మీదనే ఉండె కదక్కా.”

“ఉండె,” అన్నది స్వప్నిక. “మరి కప్పిందెవరు?”

శవాన్ని మొదలు చూసింది సాయమ్మ. మోరికి ఎదురుంగనే ఎకరం కౌలుకు తీసుకొని కొత్తిమీర ఏస్తది, పొలంల గుడిసె. డెబ్బై దాటినయ్. పోలీసులకు రాత్రే అంతా చెప్పిన్నని, మల్ల మల్ల చెప్పనీకి తనకేమన్న పని లేదా అని గుడిసె ముందట కూసోని కట్టలు కడుతనే కసిరింది. స్వప్నిక పక్కన కూసోని తను గూడ కట్టలు కట్టుడు షురూ చేసింది. నాలుగు కట్టలు కట్టినంక సాయమ్మ వాటిని ఇప్పి మల్ల కట్టుకుంట, పట్నం పిల్లలకు ఏళ్లే ఉండయ్ అన్నది. అంతే, మాట కలిసింది.

వాన ఎప్పుడు మొదలైందో సాయమ్మకు పక్కా యాది. నాలుగున్నరకు మెయిన్ రోడ్డు మీద మెహదీపట్నం బస్సు హారన్ కొట్టింది, పది బుక్కలు బువ్వ తినేంత సేపు కాలే, వాన దబదబ పడ్డది. తెరిపిచ్చినంక, ఐదు యాభైకి, గొడ్డును కట్టేయనీకి పోతే మోరిల మనిషి కనబడ్డడు. ఎంకపల్లి పోరగాళ్లు ఇద్దరు బండి మీద పోతుంటే పిలిచింది. వాళ్లు బోర్ల పడ్డ మనిషిని తిప్పిన్రు.

“తిప్పినప్పుడు కింద ఎట్ల ఉండె అవ్వా? బురదనా?”

సాయమ్మ చేతులు ఆగినయ్. “లే. కడుపు కింద మట్టి దుమ్ములేచింది బిడ్డా. అంత వానల ఆ కొంచెం జాగ తడవనే లే. మోరి గట్టు ఎత్తు మీద పడ్డడు, పారే నీళ్లు ఆడిదాంక రాలే.”

అంటే వాన పడకముందే చెన్నయ్య కింద పడి ఉన్నడు. నాలుగూ ముప్పైఐదు లోపల్నే పని అయిపోయింది. ఆ సంగతిని మనసుల ఒక పక్కకు పెట్టి అసలు ప్రశ్న అడిగింది.

“సైకిల్ మీదికెళ్లి ఏం తీసినవ్ అవ్వా?”

“నేను సచ్చినోని సొమ్ము ముట్టలే.”

“నేను పోలీసును కాదు. నిన్నెవ్వలు ఏమనరు. ఆడ జైల్ల కూసున్నాయన ఈ పిల్లకు తండ్రి లెక్క. నువ్వు తీసింది ఏందో చెప్తేనే బయటికొస్తడు.”

ముసలామె అరుణశ్రీ దిక్కు చాలాసేపు చూసింది. లేచి గుడిసెలకు పోయి ఉప్పు కుండ మీదికెళ్లి ఒక నల్ల గుడ్డ తీసి తెచ్చింది. పాత గొడుగు గుడ్డతోటి గుండ్రంగ కుట్టిన టోపీ. అంచుల నాడ. అది మామూలు నాడ కాదు, నీలం రంగు బూటు లేసు.

“సైకిల్‌కు టోపీ ఎందుకు, నా ఉప్పుకు అక్కరొస్తదనుకున్న,” అన్నది సాయమ్మ తల దించుకొని. “సీటు కింద ముడి ఏసి ఉండె. రెండు ముళ్లు. ఇప్పనీకి తిప్పలైంది.”

గాలికి ఎగిరొచ్చి పడ్డ గుడ్డ కాదన్న మాట. ఎవరో వంగి, రెండు ముళ్లు ఏసి, గట్టిగ కట్టిన్రు. మోరిల మనిషి సచ్చి పడి ఉండంగ.

పన్నెండున్నరకు స్వప్నిక అరుణశ్రీని చేవెళ్ల బస్సు ఎక్కించింది. ఇంటికాడ చుట్టాలు వస్తున్నరు, సాయిలుకు అన్నం, అంగీ తీస్కపోవాలె. పోయే ముందు అరుణశ్రీ ఆమె చెయ్యి పట్టుకొని, నాలుగింటి లోపల అయితది కదక్కా అన్నది. అయితదని స్వప్నిక మాటిచ్చింది. మాటిచ్చుడు తప్పని వృత్తిల మొదటి రోజే నేర్చుకున్నది, అయినా ఇచ్చింది.

మొయినాబాద్ దాటినంక దేవదాస్ సేటు ఫామ్‌హౌస్. గేటు కాడ వాచ్‌మన్, సేటు భోజనం చేస్తున్నడని గంటకు పైన నిలబెట్టిండు. లోపలికి రానిచ్చేసరికి ఒకటీ యాభై. ఫోన్ సైలెంట్ల పెట్టి నడిచింది.

పెద్ద రేకుల షెడ్డు. లోపల వరుసగ స్టాండ్ల మీద నలభై ఒక్క సైకిళ్లు. అన్నీ పాతయే, అన్నీ అగ్గువ మోడళ్లే, అన్నీ నలుపే. ప్రతి సీటు మీద గొడుగు గుడ్డ టోపీ. నలభై ఒక్క టోపీలు. తెల్ల నాడలు. స్వప్నిక సంచిల ఉన్న టోపీని బయటినుంచే ఒత్తి చూసుకున్నది.

దేవదాస్‌కు అరవై ఉంటయ్. మెహదీపట్నంల హార్డ్‌వేర్ దుకాణం. మనిషి మెత్తగ మాట్లాడుతడు, మాట్లాడేటప్పుడు చెయ్యి ఏదో ఒక సైకిల్ హ్యాండిల్ మీదనే ఉంటది. తన తండ్రి గిట్లాంటి సైకిల్ మీదనే మొలల సంచులు మోసి దుకాణం నిలబెట్టిండని, గొప్పోళ్ల సైకిళ్లను గొప్పోళ్లే దాచుకుంటరు, వీటిని ఎవరన్న దాచాలె కదమ్మా అని చెప్పుకొచ్చిండు. అబద్ధం చెప్పేటోని గొంతు కాదది. చెన్నయ్య సంగతి ఎత్తంగనే కండ్లల నీళ్లు తిరిగినయ్. తను ఫోన్ చెయ్యలేదన్నడు. నిన్న పొద్దుగూకేదాంక దుకాణంల్నే ఉన్నన్నడు. అడగకముందే ఫోన్ల దుకాణం కెమెరా తీసి చూపెట్టిండు. మూడు గంటలకు, నాలుగుకు, ఐదుకు, ఆరుకు, గల్లా మీద దేవదాసే.

షెడ్డు నడిమిట్ల ఒక స్టాండు ఖాళీగ ఉన్నది. పైన ప్రత్యేకంగ లైటు. కింద ఇత్తడి బోర్డు, కొత్తది. విండ్‌మోర్ పాపులర్, 1937.

“ఇది ఎప్పుడు పెట్టిన్రు సార్?”

దేవదాస్ మొఖం చిన్నగ అయింది. వచ్చే వారం షెడ్డును మ్యూజియం లెక్క తెరుస్తున్నరట. ఆ పనులన్నీ కొడుకు ప్రణవే చూసుకుంటున్నడు. “పొద్దుగాల మావోడు పెట్టిచ్చిండు. తీసెయ్ అన్న. మనిషి పోయిన మరునాడే బోర్డు పెట్టుడు బాగుండదని చెప్పిన.”

“తీసిండా?”

“తీస్తడు,” అన్నడు దేవదాస్. బోర్డు మాత్రం అట్లనే ఉన్నది.

వెనక బూట్ల చప్పుడైంది. రాఘవేందర్. ఇస్త్రీ నలగని తెల్ల అంగీ, చేతిల కారు తాళాలు. నవ్వుకుంటనే వచ్చిండు.

“ఏం చెల్లె, స్కూటీ అమ్మి సైకిల్ కొంటవా? సేటుతోటి నేను మాట్లాడి తక్కువల ఇప్పిస్త.”

“నువ్వు అమ్మేదానికి రేటు గూడ నువ్వే రాస్తవ్ కదన్నా. నేను తట్టుకోలేను.”

దేవదాస్ ఇద్దరి దిక్కు చూసి, నీళ్లు తెప్పిస్త అని గునిగిండు గానీ కదలలే. రాఘవేందర్ ఇంక టైం వేస్టెందుకని ఫోన్ తీసి చూపెట్టిండు. మోరికి అర కిలోమీటర్ దూరంల పెట్రోల్ బంక్ కెమెరా. నాలుగు యాభై. ఎక్సెల్ మీద సాయిలు మోరి దిక్కే పోతున్నడు. పొద్దున అందరి ముందట ఇరగ్గొడ్త అన్నడు, సాయంత్రం వెంబడిపోయిండు, కెమెరాకు దొరికిండు. వాడకట్టోళ్లు సంతకం పెట్టిన స్టేట్‌మెంట్ స్టేషన్‌ల ఉన్నది, నాలుగింటికి కోర్టు. ఇంకేం మిగిలింది నీకు అన్నట్టు చూసిండు.

స్వప్నిక ఆ వీడియోను రెండోసారి చూసింది. మూడోసారి ఆపి చూసింది.

“అన్నా, ఇందుల సాయిలు తడిసి ఉన్నడు.”

“వాన పడుతుంటే తడవడా?”

“తడుస్తడు. చెన్నయ్య కింద మట్టి తడవలే.” ఆమె అరుణశ్రీ పంపిన ఏడో ఫోటో తెరిచి ఆయన ముందట పెట్టింది. తిప్పినంక తీసిన ఫోటో. చెన్నయ్య అంగీ ముందు భాగం మీద అంటుకున్నది బురద కాదు, పొడి ఎర్రమట్టి. “నాలుగూ ముప్పైఐదుకు వాన. అప్పటికే ఆయన సచ్చిపోయిండు. సాయిలు నాలుగు యాభైకి ఇంకా బంక్ కాడనే ఉన్నడు. నువ్వు ఆయన్ను పట్టియ్యలే. నీ కెమెరాతోటి నువ్వే ఇడిపిచ్చినవ్.”

రాఘవేందర్ ఫోటోను ఏళ్లతోటి పెద్దగ చేసిండు. నవ్వు మొఖం మీద్నే ఉన్నది గానీ కండ్లల్లకెళ్లి పోయింది. ముసలామె మాట, పోరి ఫోన్ ఫోటో, వీటితోటి కోర్టుల నిలబడతవా అన్నడు. నేను ఈ కేసుల పోలీసులకంటే ముందున్న, నీకు ఇయ్యాల పొద్దున తెలిసింది అన్నడు.

“ఎంత ముందు?”

“ఐదుంబావుకే నాకు ఫోనొచ్చింది. చెన్నయ్య పోయిండు, తమ్మునితోటి పంచాయితీ ఉండె, జర సైకిల్ చూసుకో అని.” గర్వంగ చెప్పిండు. “గచ్చిబౌలిల టీ తాగుతున్న అప్పుడు.”

“సాయమ్మ శవాన్ని చూసింది ఐదు యాభైకి అన్నా.”

రాఘవేందర్ ఫోన్ తీసి కాల్ లిస్టు తనే చూసుకున్నడు. ముప్పైఐదు నిమిషాలు. మోరిల మనిషి ఉన్నడని లోకంల ఎవ్వలకు తెల్వని ముప్పైఐదు నిమిషాలు. ఆయన ఎంత చెడ్డోడైనా లెక్క తెల్వనోడు కాదు.

“ఎవరు చేసిన్రు?”

“క్లయింటు సంగతి నేను చెప్పను,” అన్నడు. చూపు మాత్రం దేవదాస్ మీదికి పోయింది.

“నేను చెయ్యలే,” అన్నడు దేవదాస్. “రాఘవేందర్, నేను నీకు చెయ్యలే కద. నాకు చెన్నయ్య సంగతి రాత్రి ఇంటికొచ్చినంకనే తెలిసింది.”

స్వప్నిక సంచిల చెయ్యి పెట్టి టోపీ తీసి ఖాళీ స్టాండు మీద పెట్టింది. మాటలు ఒక్కొక్కటే, మెల్లగ చెప్పింది. వాన మొదలైనప్పుడు సంపినోడు ఇంకా మోరి కాడనే ఉన్నడు. సైకిల్‌ను గీత పడకుండ ఎడమ పక్కకు పండవెట్టిండు. ఎత్తుకపోతే దొరికిపోతడు, అందుకే ఇడిసిపెట్టిండు. ఇయ్యాల కాకపోతే రేపు ఆ ఇంటోళ్లే అమ్ముతరని ఎరుక. ఇంతల చినుకు పడ్డది. పక్కన మనిషి నెత్తురు కారుతున్నది. వాడు మాత్రం వంగి సీటుకు టోపీ కట్టిండు.

“రేపు తనదయ్యేది తడుస్తదని,” అన్నది. “సాయిలు ఇది చెయ్యడు సార్. ఊర్ల ఏ దొంగ గూడ చెయ్యడు. మీ వాళ్లే చేస్తరు.”

దేవదాస్ టోపీని ముట్టలే. నీలం లేసు దిక్కే చూస్తున్నడు. ఆయన చెయ్యి మొదటిసారి సైకిల్ హ్యాండిల్ మీదికెళ్లి జారి కింద పడ్డది.

అప్పుడే తట్టల మూడు చాయ్ గ్లాసులు పట్టుకొని ఆయన భార్య వసంత లోపలికొచ్చింది. వచ్చిన పిల్లకు అన్నం పెట్టకుండ మాటల్ల పెట్టిన్రని మొగుణ్ణి మందలించుకుంటనే తట్ట కింద పెట్టింది. తల ఎత్తంగనే స్టాండు మీద టోపీ కనబడ్డది.

“అయ్యో, దొరికిందా ఇది? రాత్రి నుంచి జీపంత ఎతుకుతున్నడు మావోడు.” దాన్ని చేతిలకు తీసుకొని ముడతలు సాపు చేసింది. “అన్నిటికీ తెల్ల నాడలే కుట్టిన. తన జీపుల పెట్టుకునేదానికి మాత్రం వేరే ఉండాలె అని లేసు తెచ్చిచ్చిండు మా ప్రణవ్. ఎక్కడ దొరికిందమ్మా?”

“వసంతా,” అన్నడు దేవదాస్.

“ఏందండీ?”

వసంత మొగుని మొఖం చూసింది, రాఘవేందర్ మొఖం చూసింది, స్వప్నిక బురద జీన్సు చూసింది. చేతిల ఉన్న గుడ్డ చూసుకున్నది. ఆమెకు ఎవ్వలు చెప్పలే, చెప్పే అక్కర రాలే. చాయ్ తట్ట పక్కన నేల మీదనే కూలబడ్డది.

దేవదాస్ షెడ్డు తలుపు కాడికి పోయి, వాచ్‌మన్‌ను పిలిచి గేటుకు తాళమెయ్యమన్నడు. వెనక్కి తిరిగినప్పుడు పదేండ్లు ముసలోడైనట్టు ఉన్నడు. “ఆ టోపీ ఇక్కడ పెట్టి పో బిడ్డా. సాయిలుకు పెద్ద లాయరును నేను పెడ్త. ఇడిపిస్త. ఆ పిల్లను జిందగీ అంతా నేను చూసుకుంట. నాకు ఒక్కడే కొడుకు.”

“ఆ పిల్లకు ఒక్కడే చిన్నబాపు సార్.”

“తాళమేసిండు,” అన్నడు దేవదాస్, అదే జవాబన్నట్టు. బయట గొలుసు చప్పుడైంది.

స్వప్నిక రాఘవేందర్ దిక్కు చూసింది. ఆయన కారు తాళాలు ఏళ్ల మధ్య తిప్పుతున్నడు, ఏ పక్కకు దూకాలెనో ఇంకా లెక్కేస్తున్నడు. ఆమె స్టేషన్‌కు చేద్దామని ఫోన్ తీసింది. స్క్రీన్ మీద అరుణశ్రీ మెసేజ్. రెండూ ఐదుకు వచ్చింది, సైలెంట్ల ఉండె, ఫోటో సూపెట్టే తొందరల చూసుకోలే.

‘అక్కా సేటు కొడుకు జీపేసుకొని వచ్చిండు. వాళ్ల డాడీతోటి చెప్పిచ్చి చిన్నబాపును ఇడిపిస్తరట. ఫామ్‌హౌస్‌కే వస్తున్నం. మంచోడే అనిపిస్తున్నడు. ఫోటోలు సీటు సంగతి చెప్పిన, నాలుగింటి లోపల అయితదన్నడు.’

ఇప్పుడు టైం మూడు. చేవెళ్లకెళ్లి జీపుల అర గంట దారి. రెండున్నరకు, మహా అంటే రెండు నలభైకి గేటు ముందట ఉండాలె. అరుణశ్రీకి కలిపింది. స్విచాఫ్. మల్ల కలిపింది. స్విచాఫ్. మెసేజ్‌ను బయటికి చదివింది.

“పన్నెండున్నర కాకముందే పోయిండు,” అన్నది వసంత నేల మీద్నుంచి. “ఆ పిల్ల చిన్నాయిన కోసం ఏడుస్తున్నది, తోలుకొస్త అమ్మా అన్నడు. నా కొడుకు మనసు మెత్తది అనుకున్న.”

“మీరు చెయ్యిండ్రి ఆంటీ. మీ ఫోన్ ఎత్తుతడు.”

“చెయ్యకు వసంతా,” అన్నడు దేవదాస్.

వసంత మొగుని దిక్కు తిరగనే లే. కొంగుల ముడేసుకున్న ఫోన్ తీసి, కొడుకు పేరు ఒత్తి, స్పీకర్ల పెట్టి చాయ్ తట్ట మీద పెట్టింది. నాలుగు రింగులు. ఐదు.

“చెప్పమ్మా.” మామూలు గొంతు. జర ఆయాసం ఉన్నది, అంతే.

“ఎక్కడున్నవ్ బిడ్డా?”

“చేవెళ్లలనే. పని కాలే ఇంకా.”

ఆ మాట ఎనకనే, ఫోన్ల నుంచి, దూరంగ మొదలై దగ్గరికొచ్చుకుంట ఒక రైలు కూత వినబడ్డది. చాలా పెద్దగ. గ్లాసులల్ల చాయ్ వణికినట్టయింది. చేవెళ్లల రైలు లేదు. రాఘవేందర్ చేతిల తాళాలు ఆగినయ్. కొండకల్ రైలు పట్టాల కాడ అని పెదవులతోటే అన్నడు, అని గేటు దిక్కు ఉరికిండు, తాళం తియ్ అని వాచ్‌మన్ మీద అరిచిండు. దేవదాస్ అడ్డం పోలే. గోడ పట్టుకొని నిలబడ్డడు.

వసంత ఫోన్ మీదికి వంగింది. ఏడుపును పండ్ల కింద తొక్కి పెట్టింది, గొంతుల రోజూ అన్నానికి పిలిచేంత ప్రేమ తెచ్చుకున్నది.

“ఆ పిల్ల నీ పక్కనే ఉన్నదా నాన్నా?”

రైలు పోయేదాంక అవతల మాట లేదు. పోయినంక గూడ చాలాసేపు లేదు.

“ఏ పిల్ల, అమ్మా?”